ఇనుప చట్టు మీద మట్టి పోస్తే ఏమవుతుంది? బ్రెజిల్ కాంగా పునరుద్ధరణపై ఒక కేస్ స్టడీ

ఇనుప ఖనిజపు కొండల నెత్తిన ఉండే గట్టి ఇనుప పెంకును బ్రెజిల్‌లో కాంగా అంటారు. ఈ కేసు అక్కడి మినాస్ జెరాయిస్ రాష్ట్రానిది. అక్కడి క్వాద్రిలాతెరో ఫెర్రీఫెరో కొండల్లో, సముద్ర మట్టానికి దాదాపు 1400 మీటర్ల ఎత్తున, ఒక గని సంస్థ ఇనుప ఖనిజం కోసం డ్రిల్లింగ్ చేసి చూసింది. యంత్రం నిలబెట్టడానికి చదును చేసిన స్థలం, అక్కడికి వెళ్లే బండి దారి కలిపినా అర హెక్టారు ఉండదు. తవ్వకం ముందుకు సాగలేదు. ఖనిజం కోసం నేలను పాడుచేసినవారే దాన్ని బాగుచేయాలని బ్రెజిల్ 1988 రాజ్యాంగంలోని 225వ అధికరణం చెబుతుంది. అందుకని ఆ స్థలాన్ని బాగుచేసే బాధ్యత సంస్థ మీద పడింది. మా బృందం వెళ్లేసరికే ఒక కాంట్రాక్టరు ఒక విడత పని ముగించి వెళ్లిపోయాడు. స్థలమంతా దట్టంగా, పచ్చగా ఉంది. మమ్మల్ని పిలవడానికి కారణం ఆ పచ్చదనమే.

చిన్న స్థలమే అయినా వివరంగా రాస్తున్నాను. రాతి మీద మట్టి తక్కువగా ఉండటాన్ని లోపమనుకుని పూడ్చేయడం ఇనుప నేలల దగ్గర తరచూ జరిగే పని. నిజానికి అక్కడి మొక్కలు నిలిచింది ఆ లోటు మీదే. లోటు తీరిన చోట వాటికంటే వేగంగా పెరిగేవి వచ్చి స్థలం ఆక్రమిస్తాయి.

పెంకు, దాని పుట్టుక

ఈ కొండల అడుగున ఇటాబిరైట్ అనే రాయి ఉంటుంది. ఇనుప ఖనిజం ఒక పొర, క్వార్ట్జ్ ఒక పొర, చారలు చారలుగా పేరుకున్న రాయి. వయసు రెండు వందల కోట్ల ఏళ్ల పైమాటే. వాన నీళ్లు చాలా కాలంగా అందులోని క్వార్ట్జ్‌ను, అంటే సిలికాను, కడిగేస్తూ వచ్చాయి. కరగని హెమటైట్ (ఒక ఇనుప ఆక్సైడ్) ముక్కలు కొండ నెత్తిన మిగిలిపోయాయి. కొద్దికొద్దిగా కరిగిన ఇనుము మళ్లీ గోథైట్ అనే తుప్పులాంటి ఖనిజంగా గట్టిపడి, కాంక్రీటులో కంకరను సిమెంటు పట్టుకున్నట్టు, ఆ ముక్కలను పట్టి ఉంచింది. కొన్ని మీటర్ల మందం ఉండే ఈ పెంకునే అక్కడ కాంగా అంటారు. అందులోని గోథైట్ వయసు కొలిస్తే కొన్ని కోట్ల సంవత్సరాలని తేలింది. ఒకే ముక్కలో వేర్వేరు వయసుల గోథైట్ కూడా కనిపిస్తుంది. అంటే పెంకు ఒక్కసారి గట్టిపడి ఊరుకోలేదు. కరుగుతూ, మళ్లీ అతుక్కుంటూ, తనను తాను మరమ్మతు చేసుకుంటూ వచ్చింది. ఈ సంగతి కేసు చివర్లో మళ్లీ అవసరమవుతుంది.

చేత్తో తట్టి చూస్తే ఇనుమంత గట్టిగా ఉంటుంది కానీ లోపలంతా రంధ్రాలు, నెర్రెలు. కింద చాలాచోట్ల గుహలున్నాయి. వాన పడితే నీళ్లు పైన పారకుండా చాలావరకు లోపలికే దిగిపోతాయి. బెలో హొరిజాంచి నగర ప్రాంతానికి నీరిచ్చే కొన్ని ఊటలు ఈ పెంకు కిందివే. 1994లో ఏర్పాటైన సెర్రా దో రోలా మోసా రాష్ట్ర పార్కు ఆ ఊటలనూ వాటి మీది కాంగానూ కలిపి కాపాడుతోంది.

అమెజాన్ వైపు, పారా రాష్ట్రంలోని కరజాస్ కొండల మీద కూడా కాంగా ఉంది. చుట్టూ దట్టమైన అడవి, కొండ నెత్తిన మాత్రం చెట్లు లేని మైదానం. 1967 జులైలో భూగర్భ శాస్త్రవేత్తల హెలికాప్టరు అలాంటి ఒక ఖాళీ జాగాలో దిగింది. దిగినవాళ్లకు కాళ్ల కింద ఇనుప పెంకు కనిపించింది. ప్రపంచంలోని అతిపెద్ద ఇనుప నిక్షేపాల్లో ఒకటి అలా బయటపడింది. చెట్లు పెరగకపోవడమే ఆ ఖనిజం ఆచూకీ చెప్పింది. ఆ కురచ మొక్కల గుంపుకు ముప్పు మొదలైంది కూడా ఆ రోజు నుంచే.

మట్టి ఎక్కడుంది

కాంగా మీద నేల అన్న మాట వాడాలంటే ముందు వంగి చూడాలి. పెంకు నెర్రెల్లో, గిన్నెల్లాంటి చిన్న గుంతల్లో, రాళ్ల సందుల్లో నల్లటి పొడి కొద్దిగా ఉంటుంది. ఇనుప గులకలు, కుళ్లిన ఆకులు, వేళ్ల పీచు కలిసిన పదార్థం అది. చాలాచోట్ల లోతు జానెడు కూడా ఉండదు. కానీ రెండడుగుల దూరంలోనే ఒక నెర్రె మీటరు లోపలికి దిగి ఉండొచ్చు. కాబట్టి ఇక్కడ సగటు మట్టి లోతు అనే అంకె ఏమీ చెప్పదు. మా మొదటి సర్వేలో సగటు తీయడం మానేసి, ప్రతి చదరపు మీటరులో ఎన్ని రకాల తావులున్నాయో రాసుకున్నాం: చదును బండ, నెర్రె, గుంత, రాతి నీడ, గులక పరుపు, వానాకాలంలో నీరు నిలిచే పళ్లెం.

పరీక్ష ఫలితాలు ఇలాంటి నేలల్లో మామూలుగా కనిపించేవే. ఆమ్ల స్వభావం, పీహెచ్ 4, 5 మధ్య. కాల్షియం, పొటాషియం తక్కువ. మొక్కకు అందే భాస్వరం మరీ తక్కువ. సేంద్రియ పదార్థం మాత్రం ఆ కాస్త మట్టిలో అనుకున్నదానికంటే ఎక్కువే. మట్టి బరువులో పెద్ద భాగం ఇనుప ఆక్సైడ్లే.

ఇంత ఇనుము ఉంటే మొక్కలకు విషం కాదా అని చాలామంది అడుగుతారు. గాలి ఆడే నేలలో ఇనుము ఫెర్రిక్ రూపంలో, అంటే తుప్పుగా ఉంటుంది. అది నీటిలో దాదాపు కరగదు కాబట్టి వేరులోకి పెద్దగా పోదు. అసలు చిక్కు భాస్వరంతో. గోథైట్, హెమటైట్ రేణువులు ఫాస్ఫేటును తమ ఉపరితలానికి గట్టిగా పట్టేసుకుంటాయి. మట్టిలో భాస్వరం ఉన్నా వేరుకు అందదు. దానికి తోడు ఎండకు బండ పైభాగం 50 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. ఏడాది వానలో చాలా భాగం అక్టోబరు నుంచి మార్చి లోపే కురుస్తుంది, తర్వాత నెలల తరబడి వాన దాదాపు ఉండదు. ఆ పొడి నెలలనే ఇక్కడ ఎండాకాలం అంటున్నాను. ఆకలి, దాహం, వేడి. కాంగా మొక్క ముందున్న పరీక్ష ఈ మూడే. ఇనుము విషమయ్యేది ఒక్క చోటే: నీరు నిలిచిన పళ్లేల్లో. అక్కడ ఆక్సిజన్ అయిపోయాక సూక్ష్మజీవులు ఫెర్రిక్ ఇనుమును కరిగే ఫెర్రస్ రూపంలోకి మారుస్తాయి. ఆ నీళ్లలో బతికే తుంగజాతి మొక్కలు వేళ్ల నుంచి కొంత ఆక్సిజన్ బయటికి వదిలి, ఇనుమును వేరు పైనే తుప్పు పొరగా ఆపేస్తాయి. పీకి చూస్తే వేరంతా నారింజ రంగులో ఉంటుంది.

ఎవరెక్కడ ఉంటారు

పక్కనే చెక్కుచెదరని కాంగా ఉంది. మాకు అదే నమూనా. పునరుద్ధరణ పనిలో ఇంత దగ్గర్లో నమూనా దొరకడం అదృష్టం.

చదును బండ మీద లైకెన్లు (శిలీంధ్రం, శైవలం కలిసి బతికే పొరలు), నాచు. నెర్రెల్లో వెల్లోజియా కాంపాక్టా. దాని కాండం చూడటానికి లావుగా ఉన్నా అందులో ఎక్కువ భాగం పాత ఆకుల తొడుగులే. ఆ తొడుగులు మంచునూ వాన చినుకులనూ పీల్చుకుంటాయి, మంట వచ్చినా లోపలి కాండాన్ని కాపాడతాయి. దాని మొదళ్ల దగ్గర, బండ అంచుల్లో అసియాంథెరా టెరెస్ అనే ఆర్కిడ్ చాపలా పరుచుకుంటుంది. నీడ ఉన్న సందుల్లో సిన్నింజియా రూపికోలా: కింద దుంప, పైన వానాకాలంలో మాత్రమే ఆకులు. ఎండాకాలం చూసినవాళ్లు అక్కడ ఏమీ లేదనే రాసుకుని పోతారు. గులక పరుపులో ఆర్థ్రోసీరియస్ గ్లాజియోవీ, రాత్రి తెల్లటి పూలు పూసే చిన్న జెముడు. ఇది ఈ ప్రాంతపు కాంగా మీదే పెరుగుతుంది. కాస్త మట్టి ఉన్న చోట మిమోసా కాలోడెండ్రాన్ పొదలు, ఔషధానికి వాడే లిక్నోఫోరా పినాస్టర్. గడ్డి ఉంది కానీ దుబ్బులు విడివిడిగా ఉంటాయి. దుబ్బుకీ దుబ్బుకీ మధ్య ఖాళీ బండ.

ఆ ఖాళీ బండ విలువ చాలా పెద్దది. నిప్పు ఒక దుబ్బు నుంచి ఇంకో దుబ్బుకు సులువుగా పాకదు. బండ మీద పడిన వాన నీరంతా పక్క నెర్రెలోకే దిగుతుంది, అంటే నెర్రెలోని మొక్కకు తన వాటా కంటే ఎక్కువ నీరు అందుతుంది. బండను మట్టితో కప్పితే ఆ నీరు పైపొరలోనే పంచుకుపోయి, లోతు నెర్రెకు చేరేది తగ్గిపోతుంది.

మొదటి విడత ఏం చేసింది

కాంట్రాక్టరు చేసింది గని కట్టల మీద, రోడ్డు వాలుల మీద మామూలుగా చేసే పనే. వేరే చోటి నుంచి ఎర్రమట్టి తెచ్చి పరిచారు. ఆమ్లం తగ్గించడానికి సున్నం, ఎదుగుదలకు ఎన్‌పీకే (నత్రజని, భాస్వరం, పొటాషియం) ఎరువు, వేగంగా మొలిచే గడ్డి, కాయజాతి విత్తనాల మిశ్రమం చల్లారు. నేల కోత ఆపాల్సిన వాలు అయితే ఈ పద్ధతిని తప్పుపట్టను. ఇక్కడ ఆపాల్సిన కోత లేదు.

తొలి వానలకే స్థలం పచ్చబడింది. దాని వెనకే మెలినిస్ మైన్యూటిఫ్లోరా వచ్చింది. ఆఫ్రికా నుంచి పశుగ్రాసంగా వచ్చి బ్రెజిల్ కొండలంతా పాకిన జిగట గడ్డి ఇది. దాని విత్తనం తెచ్చిన మట్టిలో వచ్చిందో, దారి అంచుల నుంచి వచ్చిందో తేల్చలేం. నిలదొక్కుకోవడానికి కావలసినవి మాత్రం అన్నీ అక్కడ సిద్ధంగా ఉన్నాయి. మామూలుగా గోథైట్ పట్టేసుకునే భాస్వరం, ఎరువు రూపంలో ఒక్కసారిగా పడేసరికి పట్టుకోగా మిగిలింది. అలా మిగిలినదాన్ని వేగంగా తాగగలిగేది వేగంగా పెరిగే గడ్డే. కోట్ల ఏళ్లుగా కొరతకు అలవాటుపడి మెల్లగా పెరిగే వెల్లోజియాకు ఆ విందుతో పని లేదు. ఎండాకాలానికి ఆ గడ్డి మోకాలెత్తు ఎండుచాప అయింది. అంచున అంటుకున్న నిప్పు ఆ చాప మీదుగా పాకి పక్కనున్న అసలు కాంగాలో కొంత భాగాన్ని కూడా కాల్చింది. గడ్డి మళ్లీ మొలిచింది. అంచు ఆర్కిడ్లలో చాలా మళ్లీ కనిపించలేదు. సంస్థ కంగారుపడి మమ్మల్ని పిలిచింది అప్పుడే.

మేం చేసిన పని

మొదట తీసేయడం. గడ్డి గింజ పట్టకముందే వేళ్లతో పీకించి, బయటికి మోయించాం. తర్వాత ఎర్రమట్టి. నీటి జెట్‌తో కడిగేద్దామని ఒక సలహా వచ్చింది. దానికి నేను ఒప్పుకోలేదు, బంక మట్టి నెర్రెల్లోకి దిగితే ఇక బయటికి రాదు. పారలతో, బ్రష్షులతో, చేత్తోనే గీకించాం. ఖర్చు ఎక్కువ, పని మెల్లగా సాగుతుంది, చూసేవాళ్లకు పిచ్చిగా ఉంటుంది: పునరుద్ధరణ పేరుతో పచ్చటి స్థలాన్ని బోడి చేస్తున్నాం. సంస్థవాళ్లకు నచ్చజెప్పడానికి పట్టిన ఓపిక ఇంకే పనికీ పట్టలేదు.

మట్టి కింద పెంకు ఎలా ఉందో అప్పుడు తెలిసింది. దారి భాగంలో పెంకు చాలావరకు అలాగే ఉంది, పైపైన మాత్రమే అరిగింది. యంత్రం నిలబెట్టిన చోట పగిలి, నలిగి, ఆ పొడి బిగుసుకుపోయింది. నీళ్లు పోస్తే దిగకుండా నిలిచాయి. గడ్డపారలతో కదిలించి, మళ్లీ నీళ్లు పోసి, దిగేదాకా ఆ పని చేశాం. ఒక మూల పల్లాన్ని మాత్రం కావాలనే వదిలేశాం. నమూనా స్థలంలో నీటి పళ్లేలు ఉన్నప్పుడు ఇక్కడా ఒకటి ఉండాలి.

మంచి విషయం ఏంటంటే, చదును చేసినప్పుడు బుల్‌డోజరు నెట్టేసిన కాంగా దిమ్మలు అంచున కుప్పగా పడి ఉన్నాయి. కొన్నిటి మీద లైకెన్లు ఇంకా బతికే ఉన్నాయి. వాటిని వెనక్కి తెచ్చి, గాలీ ఎండా చూసిన ముఖం పైకి వచ్చేలా పేర్చాం. తలకిందులుగా పెట్టిన దిమ్మ మీద లైకెన్ చస్తుంది, కొత్తది పట్టడానికి ఏళ్లు పడుతుంది. దిమ్మల మధ్య సందులు వేర్వేరు వెడల్పుల్లో వదిలాం. ఇది దక్షిణార్ధ గోళం కాబట్టి ఎండాకాలంలో సూర్యుడు ఉత్తరం వైపు ఉంటాడు. అందువల్ల దిమ్మ దక్షిణపు పక్క సందు చల్లగా ఉంటుంది. లేత మొక్కలకు ఆ పక్కే ఇచ్చాం.

సందుల్లో నింపడానికి బయటి మట్టి ఒక్క తట్ట కూడా వాడలేదు. అనుమతి వచ్చి ఎలాగూ తొలగించబోతున్న మరో కాంగా ముక్క నుంచి నెర్రెల్లోని పొడిని గీకి, అదే రోజు తెచ్చి పల్చగా వేశాం. నిల్వ పెట్టిన కొద్దీ అందులోని విత్తనాలూ శిలీంధ్రాలూ చస్తాయి. క్వార్ట్జైట్ కొండల మీది ఇలాంటి మైదానాల్లో, కోసిన గడ్డిని విత్తనాలతో సహా పరిచి చూసిన ప్రయోగాలు బాగా విఫలమయ్యాయి. ఈ మొక్కల్లో చాలావాటికి విత్తనాలు తక్కువ, మొలిచేవి ఇంకా తక్కువ. అందుకే ఎక్కువ భారం తరలించిన మొక్కల మీద పెట్టాం.

వెల్లోజియాను వేరు పట్టుకున్న రాతి ముక్కతో సహా తెచ్చి, నవంబరు వానలు నిలకడగా మొదలయ్యాకే పెట్టాం. రాయి వదిలించి తెస్తే బతికే అవకాశం బాగా తగ్గుతుంది. ఆర్కిడ్ చాపలను ముక్కలు చేయకుండా దిమ్మకు తాడుతో కట్టాం. మిమోసా గింజల పైతోలు గట్టిది, గీరకపోతే నీరు తాగదు. గీరి నారు పోశాం. వెల్లోజియా గింజలు చాలా చిన్నవి, వెలుతురు తగిలితేనే బాగా మొలుస్తాయి. వాటిని పూడ్చకుండా తడి సందుల మీద చల్లి వదిలేశాం. లిక్నోఫోరా గింజల్లో సగానికి పైగా తాలు ఉండటం మామూలే, కాబట్టి నర్సరీలో దానికి ఎక్కువ గింజ లెక్కేసుకోవాలి. ఎరువు లేదు, సున్నం లేదు.

ఏం బతికింది

మొదటి ఎండాకాలం గట్టి పరీక్ష పెట్టింది. గులక పరుపులో పెట్టిన మిమోసా నారు చాలావరకు పోయింది. దిమ్మల దక్షిణపు సందుల్లో పెట్టినది నిలిచింది. అదే వయసు, అదే నారు, రెండు చేతుల దూరం. రాతితో సహా తెచ్చిన వెల్లోజియాలు దాదాపు అన్నీ నిలబడ్డాయి. ఆకులు ఎండి, ముడుచుకుని, చచ్చినట్టే కనిపించాయి కానీ వానలకు మళ్లీ పచ్చబడ్డాయి. సిన్నింజియా దుంపలు పైకి ఏ జాడా చూపలేదు. పర్యవేక్షణకు వచ్చిన అధికారి వాటిని చనిపోయినవాటిలో కలిపేశారు. వానలు పడగానే ఆకులు వేశాయి. కాంగా మొక్కల లెక్క ఎండాకాలంలో తీస్తే ఆ లెక్క తప్పు. ఏడాదికి ఒక్కసారే తనిఖీ అయితే అది జనవరి, ఫిబ్రవరిలో ఉండాలి.

బతికిన మిమోసా పొదల కింద రెండో వానాకాలానికి ఆకు చెత్త చేరింది. వేసిన పొడిలోంచి మొలిచిన చిన్న మొక్కలు ఎక్కువగా ఆ నీడలోనే కనిపించాయి. మళ్లీ ఇలాంటి పని చేస్తే మొదటి ఏడాది మిమోసా మాత్రమే పెట్టి, మిగతావి దాని నీడకు వదులుతాను. నీరు నిలిచే మూలలో తుంగజాతి మొక్కలు వాటంతట అవే వచ్చాయి. జిగట గడ్డి కూడా తిరిగి వచ్చింది, ఎక్కడెక్కడ ఎర్రమట్టి పూర్తిగా రాలేదో సరిగ్గా అక్కడే. మట్టి తొలగిన చోట అది మొలిచినా గిడసబారి ఉండిపోయింది. భాస్వరం గురించి పైన రాసినదానికి ఇంతకంటే స్పష్టమైన రుజువు నాకు అక్కర్లేదు.

రానిది

పెంకు రాలేదు. మేం పేర్చిన దిమ్మలు పేర్చిన దిమ్మలే, కాలు పెడితే కొన్ని కదులుతాయి. అసలు కాంగాలో ముక్కలను అతికించేది సూక్ష్మజీవులూ వేళ్లూ కూడా. తడి కాలంలో, వేళ్ల చుట్టూ ఆక్సిజన్ తగ్గిన చోట, ఇనుమును క్షయకరణం చేసే బ్యాక్టీరియా గోథైట్‌ను కొద్దిగా కరిగిస్తాయి. ఎండినప్పుడు ఆ ఇనుము మళ్లీ గట్టిపడి కొత్త సిమెంటు అవుతుంది. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు బ్రెజిల్ కాంగా మీద ఈ ప్రక్రియను చాలా లోతుగా చూశారు. పిండి చేసిన కాంగాను సూక్ష్మజీవుల సాయంతో మళ్లీ అతికించే ప్రయత్నాలూ జరిగాయి. ఆ దారి మీద నాకు నిజమైన ఆశ ఉంది. అయితే అది ప్రకృతి వేగాన్ని కొంత పెంచే పనే, కోట్ల ఏళ్ల పెంకును పదేళ్లలో తెచ్చిపెట్టేది కాదు.

కాబట్టి ఈ కేసును చూపించి ‘కాంగాను మళ్లీ తయారు చేయొచ్చు, తవ్వుకోండి’ అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. మాకు పక్కనే నమూనా ఉంది, దారి కింద పెంకు చాలావరకు మిగిలింది, దిమ్మలు దొరికాయి. నిండు గనిలో ఈ మూడూ ఉండవు. అక్కడ కొండ నెత్తే మాయమవుతుంది. కరజాస్ కాంగాల్లో ఆ నేలకే పరిమితమైన మొక్కలు 38 దాకా గుర్తించారు. ఎర్రటి పూల తీగ ఐపోమియా కావల్కాంటీ అక్కడి సెర్రా నార్చి కాంగాలదే. 2016లో శాస్త్రానికి పరిచయమైన ఐసోయెటిస్ కాంగే అనే నీటి మొక్క ఒకే ఒక్క సరస్సులో ఉంది. అలాంటివాటిని దిమ్మలు పేర్చి కాపాడలేం, చోటునే వదిలేయాలి. 2014లో మినాస్ జెరాయిస్‌లో గందరేలా జాతీయ పార్కు, 2017లో కరజాస్ దగ్గర 79 వేల హెక్టార్ల కాంపోస్ ఫెర్రుజినోజోస్ జాతీయ పార్కు ఏర్పడ్డాయి. మా చేతి పనంతా కలిపినా ఆ రెండు పార్కుల సరిహద్దు గీతలు కాపాడినదాంట్లో ఏ మూలకూ రాదు.

మిగిలిన చర్చ

ఇప్పుడు పేచీ అంతా పూర్తి అయినట్టు గుర్తించే కొలమానం మీద. ఒప్పందంలో రాసుకున్నది పచ్చదనం శాతం. ఆ లెక్కన కాంట్రాక్టరు గడ్డి చాప పాసవుతుంది. పక్కనున్న అసలు కాంగా ఫెయిలవుతుంది, ఎందుకంటే అందులో చాలా భాగం ఖాళీ బండ. మేం ప్రత్యామ్నాయం రాసిచ్చాం. ఖాళీ బండ నమూనాలో ఎంత ఉంటే ఇక్కడా దానికి దగ్గరగా ఉండాలి. పరాయి గడ్డి దుబ్బులు ఒకదానికొకటి తగలకూడదు. నెర్రె, గుంత, నీడ సందు, నీటి పళ్లెం అన్నీ ఉండాలి, ఒక్కోదానిలో దానికి చెందిన మొక్కల్లో కనీసం కొన్నైనా వానాకాలపు లెక్కలో కనిపించాలి. నేల పరీక్షలో భాస్వరం పెరిగితే అది మంచి గుర్తు కాదు, హెచ్చరిక.

తనిఖీ అధికారికి మొదట ఇది మింగుడుపడలేదు. బండ ఖాళీగా ఉండటాన్ని విజయంగా ఎలా రాయమంటారని అడిగారు. ఆయన్ను పక్క కాంగా మీదికి తీసుకెళ్లి, అక్కడా ఇక్కడా ఒకే చట్రం వేసి లెక్కించి చూపించాం. బండ శాతాన్ని అంగీకరించారు. భాస్వరం నిబంధన మీద ఇంకా మాట్లాడుతున్నాం. దారి అంచున మిగిలిన ఎర్రమట్టి చారను వచ్చే ఎండాకాలంలో, గడ్డి గింజ పట్టకముందే, గీకించాల్సి ఉంది.